ప్రాత కంప్యూటరు – ఇంటి పత్రముల భాండారము



గోదావరి యొడ్డున భద్రాచలమునందును, ఆ చుట్టుపట్ల అడవి యంచున నున్న గ్రామములందును కాపురము చేయు గృహిణులకు 43, 48, 53 అను మూడు అంకెలు కంఠస్థములు. నది 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగుల వఱకు ఎక్కెను. ఆ పిదప కరకట్ట వచ్చినను, 2022 జూలైలో నది 71.3 అడుగులకు చేరి వేలకొలది జనులచేత ఇండ్లు విడిపించెను. గోదావరి మాటయే కాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము పట్టణమున ఏటి యొడ్డు కాలనీలను ముంచెను. బియ్యము పోయినచో మరల కొందుము. పరుపు తడిసినచో ఎండబెట్టుదుము. ట్రంకుపెట్టెలో ముద్దయై, అక్షరము అలికిపోయిన కాగితమును ఏ యంగడిలో కొందుము?

మన యిండ్లలో కాగితముల విలువ మనము తలచుదానికంటె నెక్కువ. పట్టాదారు పాసుపుస్తకము, పిల్లల మార్కుల పత్రములు, జనన ధ్రువపత్రము, ఆసుపత్రి చీటీలు, పొదుపు సంఘపు పుస్తకములు, బ్యాంకు కాగితములు – ఇవి లేక ఏ పనియు సాగదు. పోడు భూమిని నమ్ముకొన్న గిరిజన కుటుంబములకు ఈ మాట మఱింత నిజము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము పెండ్లియైనవారికి ఇచ్చు హక్కుపత్రము భార్యాభర్త లిరువురి పేరను ఉమ్మడిగా నుండవలెను. అనగా ఆ కాగితము ఇంటి యజమానిది మాత్రమే కాదు, ఇల్లాలిది కూడ. తన పేరున్న కాగితమును తాను కాపాడుకొనుట ఆమెకు హక్కును, బాధ్యతయును.

ఇంకొక తెగ కాగితములు కలవు. అమ్మమ్మ తన చేతివ్రాతతో నింపిన పెండ్లిపాటల పుస్తకము, పుట్టింటినుండి వచ్చిన ఉత్తరములు, కాలము చేసిన పెద్దల ఛాయాపటములు. కచేరీ కాగితము పోయినచో పదిమారులు తిరిగి, అర్జీలు పెట్టి, రెండవ ప్రతిని తెచ్చుకొనవచ్చును. అమ్మమ్మ పాటల పుస్తకమునకు రెండవ ప్రతి నిచ్చు కచేరీ ఈ లోకమున లేదు. దానిని మనమే చేసికొనవలెను. అందుకు కావలసిన సాధనము తఱచుగా మన యింటి మూలనే దుమ్ము పట్టి యుండును. అదియే ప్రాత కంప్యూటరు. దానికి బయటి హార్డుడిస్కును, ప్రింటరును ఎట్లు తగిలింపవలెనో, తగిలించినందువలన కలుగు ప్రయోజన మేమియో ఈ వ్యాసమున విన్నవించెదను.

సర్వరనగా వడ్డించునది

సర్వరను మాట వినగానే పెద్ద కచేరీలలోని యంత్రములు మనస్సునకు వచ్చును. ఆ మాటకు అర్థము మాత్రము మన వంటింటిదే. వడ్డించునది సర్వరు. పంక్తిలో ఎందఱు కూర్చున్నను అన్నపు గిన్నె యొక్కటే, వడ్డించు చేయి యొక్కటే. అట్లే యింటిలో ఎన్ని ఫోనులున్నను, ఎన్ని ల్యాప్‌టాపులున్నను, పత్రములును పటములును ఒక్క యంత్రమున నుండి, అడిగినవారికి అడిగినది అందుచున్నచో, ఆ యంత్రమును ఇంటి సర్వరందురు. దానిని మొదట అమర్చునాడు తెరయు కీబోర్డును కావలెను. తరువాత అవి యక్కఱలేదు. వైఫై రౌటరునకు ఒక తీగతో కలిపి బీరువా మీదనో, గోడ పలక మీదనో పెట్టవచ్చును. నీరు వచ్చు ప్రాంతమున నేలమీద మాత్రము పెట్టరాదు.

పని జరుగు క్రమమిది. కాగితమును వెలుతురులో పఱచి ఫోనుతో పటము తీయుదుము. ఆ పటము వైఫై మీదుగా సర్వరునకు పోవును. సర్వరు తనకు తగిలించిన బయటి డిస్కు మీద రాత్రివేళ ఒక నకలు వేసికొనును. కాగితమే కావలసినప్పుడు ఏ ఫోనునుండి యడిగినను ప్రింటరు మీద అచ్చు వేయించును. ఫోను పగిలినచో సర్వరులో నుండును. సర్వరు చెడినచో డిస్కులో నుండును.

ఏ యంత్రము పనికివచ్చును?

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10 కు సాధారణముగా నిచ్చు మరమ్మతులను ముగించినది. విండోస్ 11 కోరు హంగులు లేని కంప్యూటరు లెన్నియో నాటితో మూలకు చేరినవి. వానికి వయస్సు వచ్చినదే కాని శక్తి పోలేదు. అంతకు పూర్వము అదే సంస్థ ఇండ్ల కొఱకే విండోస్ హోమ్ సర్వరు అను దానిని 2007లో వెలువరించెను. దానికి మరమ్మతులు 2013 జనవరిలో నిలిచినవి. 2011లో వచ్చిన రెండవ కూర్పునకు 2016 ఏప్రిలులో నిలిచినవి. అట్టి యంత్రములను ఉన్నవి యున్నట్లుగా ఇంటర్నెట్టునకు తగిలించుట క్షేమము కాదు. గడియ విఱిగిన తలుపునకు కాపుదల యెట్టిదో, మరమ్మతులు రాని యంత్రమునకు కాపుదల అట్టిదే.

ఇట్టి యంత్రములకు లినక్సు తగిన మందు. ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన ఈ వ్యవస్థ ఉచితముగా లభించును. తక్కువ శక్తి గల యంత్రములందు కూడ చక్కగా నడచును. డెబియన్ అనునది దాని కూర్పులలో ప్రసిద్ధమైనది. ఐనను ఒక్కటి విచారింపవలెను. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13వ కూర్పును 32 బిట్ల ప్రాత యంత్రములందు క్రొత్తగా స్థాపించుటకు వీలు లేదు. కావున యంత్రమును తెచ్చుకొనుటకు ముందు “ఇది 64 బిట్లదా?” అని యడుగుడు. గడచిన పదునైదేండ్లలో కొన్న ల్యాప్‌టాపులలో చాలవఱకు అట్టివే.

కరెంటు లెక్కయు గృహిణి చూచుకొనవలసినదే. పెద్ద పెట్టె వంటి కంప్యూటరు 60 వాట్లు త్రాగునది యైనచో, రాత్రింబవళ్లు నడపిన నెలకు 43 యూనిట్లగును. 15 వాట్ల ల్యాప్‌టాపునకు 11 యూనిట్లు చాలును. సాయంకాలము నాలుగు గంటలు మాత్రమే నడుపుదుమనినచో పెద్ద పెట్టెకు కూడ 7 యూనిట్లే. ల్యాప్‌టాపులో నున్న బ్యాటరీ, కరెంటు పోయిన క్షణమున యంత్రము చటుక్కున ఆగిపోకుండ కాపాడును. ఆ బ్యాటరీ ఉబ్బి, పై పలక లేచియున్నచో మాత్రము దానిని తీయించివేసి, ఇన్వర్టరు మీద నడపవలెను. ఉబ్బిన బ్యాటరీ నిప్పు పుట్టించును.

బయటి డిస్కును తగిలించుట

బయటి డిస్కు కంప్యూటరులో దూరు చీలికను యూఎస్‌బీ అందురు. ఇది 1996లో పుట్టినది. ప్రాత యంత్రములలో దీని తరములు మూడు. 1998 నాటి తరము సెకనుకు ఇంచుమించు ఒక్క మెగాబైటు మాత్రమే పంపును. 2000 నాటి రెండవ తరము వాస్తవమున 30 మొదలు 40 మెగాబైట్ల వఱకు పంపును. 2008 నాటి మూడవ తరమున బయటి డిస్కు తిరిగినంత వేగముగా, అనగా 100 మెగాబైట్లకు పైగా పోవును. నూఱు గిగాబైట్ల పటములు, వీడియోలు నకలు తీయుటకు మొదటి తరమునకు ఒక పగలు, ఒక రాత్రి దాటి పట్టును; రెండవ దానికి ఇంచుమించు గంట; మూడవ దానికి ఇరువది నిమిషములలోపు. మూడవ తరపు చీలిక లోపలి నాలుక చాలవఱకు నీలపు రంగున నుండును. డిస్కును దానియందే తగిలింపుడు. ప్రింటరునకు రెండవ తరపుది చాలును.

వేగముకంటె ముఖ్యము శక్తి. అరచేతిలో పట్టు చిన్న డిస్కు తన కరెంటును ఆ చీలికనుండియే తీసికొనును. రెండవ తరపు చీలిక 500 మిల్లీ ఆంపియర్లు ఇచ్చును, మూడవది 900. ప్రాత యంత్రము అంతయు నీయలేకపోయినచో డిస్కు తిరుగ నారంభించి, టిక్కు టిక్కుమని యాగిపోవును. మా యింట నిట్లే జరిగినప్పుడు మరమ్మతు దుకాణమువారు డిస్కు చచ్చినదని చెప్పి క్రొత్తదానిని కొనుమనిరి. దానికిని యంత్రమునకును నడుమ, గోడ ప్లగ్గునుండి కరెంటు తీసికొను హబ్బు నొకదానిని పెట్టగా నాటినుండి చక్కగా నడచుచున్నది. టిక్కుమన్న డిస్కులన్నియు మంచివే యని నా యభిప్రాయము కాదు. పాఱవేయుటకు ముందు హబ్బుతోను, మఱియొక కేబులుతోను పరీక్షింపవలెనని మాత్రమే చెప్పుచున్నాను. పెద్ద పరిమాణపు డిస్కులు తమ సొంత అడాప్టరుతోనే వచ్చును గనుక వానికి ఈ బాధ లేదు.

డిస్కులోపల అఱలు కట్టు పద్ధతులు పలువిధములు. ప్రాత ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. పెండ్లి వీడియో దానిలో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఆ హద్దు లేదు; విండోసు, లినక్సు, ఆపిలు యంత్రము లన్నియు దానిని చదువును. ఐనను వ్రాయుచుండగా కరెంటు పోయినచో అది సులభముగా చెడును. లినక్సునకు స్వంతమైన ఎక్స్‌టీ 4 పద్ధతి, చేయబోవు పనిని ముందుగా చిట్టాలో వ్రాసికొనును గనుక అట్టి దెబ్బకు ఓర్చును. కాని సామాన్యమైన విండోస్ యంత్రము దానిని చదువలేదు. కావున సర్వరునకు ఎల్లప్పుడు తగిలియుండు డిస్కునకు ఎక్స్‌టీ 4 ను, చేతబట్టుకొని పోవలసిన డిస్కునకు ఎక్స్‌ఫ్యాట్ ను వాడుట మేలు. వరదకు ఇల్లు విడిచి చుట్టములయింట తలదాచుకొన్న దినమున, ఆ యింటి యంత్రము మన డిస్కును చదువగలుగవలెను గదా! పద్ధతి మార్చునప్పుడు డిస్కులో నున్నదంతయు చెఱిగిపోవును. కాన ఖాళీ డిస్కు మీదనే ఆ పని చేయింపుడు.

లినక్సు నేర్చిన పిల్లవానిచేత ఈ అమరిక చేయించునప్పుడు రెండు మాటలు తప్పక చెప్పుడు. మొదటిది, డిస్కులను వరుససంఖ్యతో గాక వాని సొంత గుర్తుతో పిలుచునట్లు అమర్పుమనుడు. రెండు డిస్కులున్నచో యంత్రము ఆపి మరల నడపినప్పుడు వాని వరుస తారుమారు కావచ్చును. ఉప్పుజాడీ, చక్కెరజాడీ స్థానములు మారినట్లగును. రెండవది, డిస్కు తగిలియున్నదో లేదో చూచిన పిమ్మటనే నకలు వేయునట్లు అమర్పుమనుడు. లేనిచో, డిస్కు ఊడియున్న దినమున ఆ పేరుగల ఖాళీ అఱ సర్వరులోపలనే యుండి, నకలంతయు అందులో పడుచుండును. బయటి డిస్కులో నున్నదని మనము నమ్మియుందుము, అక్కడ నుండదు.

డిస్కును తీయునప్పుడు ముందుగా యంత్రమునకు చెప్పి, అది సరేయన్న పిమ్మట కేబులు లాగవలెను. యంత్రము కొన్ని యక్షరములను చేతిలో పట్టుకొని తీరిక చూచి డిస్కుమీద వ్రాయుచుండును. చెప్పక లాగినచో ఆ యక్షరములు గాలిలో కలిసిపోవును.

ఇంటిలోని ఫోనులకును విండోస్ యంత్రములకును ఈ డిస్కును చూపునది సాంబా అను ఉచిత సాధనము. ఆస్ట్రేలియావాసి ఆండ్రూ ట్రిడ్జెల్ 1990వ దశకపు ఆరంభమున దీనిని వ్రాసెను. దీనిలో మొదటి తరపు భాషను మూసియుంచుడు. 2017 మేలో లోకమునంతటిని గడగడలాడించిన వాన్నక్రై అను పీడ, విండోస్ యంత్రములలో ఆ మొదటి భాషయందలి లోపముగుండనే వ్యాపించెను.

ప్రింటరును తగిలించుట

మండల కేంద్రమునకు పోయి ఒక్క జిరాక్సు తెచ్చుకొనుటకు పూట గడచు ఊళ్లు మన యడవి యంచున ననేకము. పింఛను దరఖాస్తునకు రెండు నకళ్లు, బడిలో చేర్పించుటకు మూడు నకళ్లు. మగవారు పొలమున నుండగా ఈ తిరుగుడు తఱచుగా ఇల్లాలిదే యగును. ఇంటనో, నలుగు రిండ్లవారు కలిసియో ఒక చిన్న ప్రింటరు నుంచుకొన్నచో ఆ శ్రమ తప్పును. కాగితము మనకు దూరపు సరకు కాదు. భద్రాచలమునకు ఏటి యావలి యొడ్డున సారపాకలోనే పెద్ద కాగితపు మిల్లున్నది. మన జిల్లాల రైతులు వేయు జామాయిలు, సుబాబులు కఱ్ఱ దానికి పోవుచున్నది.

వైఫై లేని ప్రాత ప్రింటరు ఒక్క యంత్రమునకే దాసి. దానిని సర్వరునకు తగిలించినచో ఇంటిల్లిపాదికి దక్కును. లినక్సులో ఈ పని చేయుదానిని కప్స్ అందురు. అమెరికాలో మైకేల్ స్వీట్ వ్రాసిన ఈ సాధనము 1999లో వెలువడెను. 2007లో ఆపిలు సంస్థ దానిని కొని తన యంత్రములందు వాడుచున్నది. వచ్చిన పనులను అది వరుసలో నిలుపును. పిల్లవాని ప్రాజెక్టు ముందు వచ్చినచో, అమ్మమ్మ మందుల చీటీ తరువాత. వరుసలో మొదటిది చిక్కుకొన్నచో వెనుకవన్నియు ఆగును. అచ్చు రానప్పుడు ప్రింటరును తట్టుటకు ముందు ఆ వరుసను తెఱచి, చిక్కినదానిని రద్దు చేయవలెను.

ప్రాత ప్రింటరుల విషయమున చూడవలసినది డ్రైవరు. కొన్ని ప్రింటరులకు సొంత బుద్ధి కలదు. పుటను పంపినచో తామే చుక్కలుగా మార్చుకొనును. చవుక రకములు కొన్ని ఆ పనిని కంప్యూటరు మీదనే వేయును. అట్టివానికి తయారీదారు ఇచ్చిన డ్రైవరు లేక పని జరుగదు. ఆ డ్రైవరు విండోసునకు మాత్రమే యుండవచ్చును, లేదా ఒక జాతి ప్రాసెసరు మీదనే నడువవచ్చును. కావున ఎవరైన ప్రింటరు నిచ్చెదమన్నచో, దాని నమూనా సంఖ్యను వ్రాసికొని, లినక్సులో నడచునా యని ముందుగా విచారింపుడు. కేబులు 5 మీటర్లకు మించరాదు. అంతకు మించిన రెండవ తరపు యూఎస్‌బీ నిలకడగా పనిచేయదు. కాన ప్రింటరు స్థానము, సర్వరు స్థానము ఒక్క గదిలోనే చూచుకొనవలెను.

తెలుగు అచ్చు మాట వేఱుగా చెప్పవలెను. లోకపు లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడునందు 1991 నుండియు తెలుగునకు స్థానము కలదు. ఐనను ప్రాత డీటీపీ పద్ధతులలో కూర్చిన పత్రములు ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పిచ్చి గీతలుగా కనబడును. అట్టివానిని, ఫాంటు ఉన్న యంత్రముననే పీడీఎఫ్‌గా మార్చి సర్వరులో దాచుడు. అక్షరముల రూపములు పీడీఎఫ్‌లోనే యిమిడియుండును గనుక ఏ యంత్రమునుండి అచ్చు వేసినను తెలుగు తెలుగుగానే వచ్చును.

మన యెండలు ప్రింటరునకు శత్రువులు. సిరాతో నడచు ప్రింటరును నెలల తరబడి వాడకున్నచో దాని సన్నని రంధ్రములలో సిరా గట్టిపడును; వారమున కొక్క రంగుల పుటయైనను వేయవలెను. అరుదుగా వాడుకొనువారికి పొడితో నడచు లేజరు ప్రింటరు మేలు. వర్షకాలమున కాగితము చెమ్మ పీల్చి మెలితిరిగి లోన చిక్కుకొనును. కట్టను ప్లాస్టికు సంచిలోనే యుంచి కావలసినన్ని పుటలే తీయుడు. బల్లులు, చీమలు వెచ్చని యంత్రమును వెదకికొని వచ్చును గనుక పలుచని గుడ్డ కప్పి యుంచవలెను. యంత్రము నడచునప్పుడు మాత్రము ఆ గుడ్డ తీయవలెను.

నకలునకు నకలు

ఇంతయు చేసి, సర్వరును, డిస్కును ఒకే బల్లమీద పెట్టి ఊరకున్నచో మన పని సగమే యైనది. నీరు వచ్చిన నాడు రెండును కలిసియే మునుగును.

పెద్ద సంస్థలకును ఈ నీతి తప్పలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు, మన తెలుగువారు, చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డి గారి ప్రోత్సాహముతో ఈ శతాబ్దపు తొలి దశకమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసెను. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగునవి అందు పాల్గొని వేలకొలది తెలుగు గ్రంథములకు పటములు తీసినవి. కొన్ని యేండ్లకు ఆ వెబ్‌సైటు ప్రజలకు అందకపోయెను. ఐనను ఆ గ్రంథములలో ననేకము నేటికిని మనకు చదువ దొరకుచున్నవి. వాని నకళ్లు ఇంటర్నెట్ ఆర్కైవునందు చేరియుండుటయే కారణము. రెండవచోట నకలు లేనిచో ఎంత పెద్ద భాండారమైనను ఒక్క దినమున మూతపడును.

పీటర్ క్రో అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారము చేసిన సూత్రము సులభమైనది: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, ఒకటి వేఱొక యూర. సర్వరులో నొకటి, దానికి తగిలిన డిస్కులో నొకటి, చేతబట్టుకొని పోవు డిస్కులో నొకటి. ఈ మూడవదానికి తగిన చోటు మన యాడువారికి పుట్టుకతోనే యున్నది. అదియే పుట్టిల్లు. భద్రాచలమున మెట్టినదానికి పుట్టిల్లు ఖమ్మమైనచో, నడుమ నూఱు కిలోమీటర్లకు పైగా దూరము. రెండు నదులు ఒకే నాడు రెండిండ్లను ముంచుట అరుదు. సంక్రాంతికి పోవునప్పుడు ఒక డిస్కును అక్కడ ఉంచి, ఆషాఢమునకు ముందు మఱొకదానితో మార్చుకొనుడు. ఆషాఢ శ్రావణములే గోదావరి పొంగు కాలము. వదినెగారి యింటి డిస్కును మనమును, మన డిస్కును వదినెగారును కాపాడుకొన్నచో ఖర్చును తగ్గును, రాకపోకలును పెరుగును.

ఇంకొక హెచ్చరిక. ఉన్నదానిని ఉన్నట్లు అద్దమువలె చూపు నకలు చాలదు. పసివాడు సర్వరులో పటము చెఱిపినచో, అద్దములో కూడ అది చెఱిగిపోవును. నెలనెల ప్రతిని వేఱుగా నిలుపునట్లు అమర్పించుకొనవలెను. మాఱని ఫైళ్లను మరల వ్రాయని పద్ధతులు లినక్సున కలవు గనుక స్థలము వ్యర్థము కాదు. ఆఱు నెలల కొకమారు ఏదేని ఒక పటమును డిస్కునుండి తెఱచి చూడుడు. ఊరగాయ జాడీకి వాసెన కట్టి మఱచిపోయిన ఇల్లాలు ఉండదు. నడుమ నడుమ మూత తీసి చూచును. ఇదియు నట్టిదే.

పటము పటమే; అసలు అసలే. 2015లో ఆరంభమైన ప్రభుత్వపు డిజీలాకరులో ఆయా శాఖలే నేరుగా జారీచేసిన పత్రములకు అసలునకు సమానమైన విలువ కలదు. మన ఫోనుతో తీసిన పటమునకు అంత విలువ లేదు. ఐనను పత్రపు సంఖ్య, తేదీ, ఇచ్చిన కచేరీ పేరు ఆ పటములో నుండును గనుక, రెండవ ప్రతికై అర్జీ పెట్టువారికి అది సగము పని చేసిపెట్టును.

తాళపుచెవి యెవరి చేత?

ఇన్నియు అమరినను, సంకేతపదము ఒక్క కుమారునికే తెలిసి, ఆతడు హైదరాబాదుననో అమెరికాలోనో యున్నచో, ఆ భాండారము ఇంట నున్నను లేనట్లే. “అబ్బాయి సంక్రాంతికి వస్తాడు, వాడే చూస్తాడు లేండి అత్తయ్యా” అను మాట ఎన్ని యిండ్లలో వినుటలేదు? నీరు సంక్రాంతి వఱకు ఆగదు. వైధవ్యము వచ్చిన స్త్రీ, భర్త దాచిన కాగితము ఏ యంత్రములో నున్నదో, దాని తాళమేమియో తెలియక బ్యాంకు మెట్లమీద కూర్చుండుట మనము చూచునదే. కావున సర్వరు సంకేతపదమును, డిస్కు సంకేతపదమును ఇల్లాలు తన చేతితో నొక పుస్తకమున వ్రాసి, నగలతోపాటు దాచవలెను. దాని రెండవ ప్రతిని నమ్మకమైన తోబుట్టువు కడ నుంచవలెను. ఇల్లు దాటి పోవు డిస్కులో ఆధారు, బ్యాంకు కాగితములున్న భాగమునకు తాళము వేయించుడు. పాటల పుస్తకమునకు, పెండ్లి పటములకు ఆ తాళము అక్కఱలేదు.

తుదకు మన మూడంకెలకు మూడు పనులు నిర్ణయించుకొందము. 43 అడుగుల వార్త వినగానే సర్వరుచేత ఆఖరి నకలు వేయించి, డిస్కును యంత్రమునకు చెప్పి విప్పి, రెండు ప్లాస్టికు సంచులలో చుట్టి, బట్టల మూటలో పెట్టుడు. 48 అడుగులకు సర్వరును, ప్రింటరును ఆపి, తీగలు విప్పి, ఇంటిలోని మిక్కిలి యెత్తైన చోటికి చేర్చుడు. 53 అడుగులకు యంత్రముల మాట తలపక, పిల్లలను, పెద్దలను, మూటను తీసికొని బయలుదేరుడు. మున్నేటి యొడ్డువారికి ఇంత వ్యవధి దొరకదు గనుక వారు వానకాలమంతయు ఆ డిస్కును మూటలోనే యుంచుకొని, వారమున కొక్కమారు మాత్రము తగిలించి నకలు తీసికొనుట మంచిది.

ఈ పనికి పాండిత్య మక్కఱలేదు; రెండు ఆదివారముల తీరికయు, లినక్సు తెలిసిన ఒక పిల్లవాని సాయమును చాలును. వానలకు ముందే మొదలుపెట్టుడు. మొదట పటము తీయవలసినది ఏ కాగితమని యడుగుదురేమో! రెండవ ప్రతి యెచ్చటను దొరకనిదానితో ఆరంభింపుడు. పట్టాపుస్తకము రెండవది కానిండు. అమ్మమ్మ వ్రాసిన పాటల పుస్తకమును ముందు తెఱవుడు.